ఎర్రర్ సరే, ఏ రిఫరెన్సు తెరవాలి? సీ, సీ++ రాసేవాళ్ల కోసం ఒక పోలిక

లినక్స్‌లో సీ ప్రోగ్రామ్ రాస్తున్నారు. వర్గమూలం కోసం ఎస్‌క్యూఆర్‌టీ ఫంక్షన్ వాడారు, మ్యాథ్ హెడర్ కూడా పెట్టారు. అయినా ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎస్‌క్యూఆర్‌టీ’ అని వచ్చింది. ఇలాంటప్పుడు చాలామంది ఏ వెబ్‌సైటులోనో ఎస్‌క్యూఆర్‌టీ పేజీ తెరిచి మళ్లీ మళ్లీ చదువుతారు. హెడర్ ఏది, ఏ టైపు ఇవ్వాలి, నెగెటివ్ సంఖ్య ఇస్తే ఏమొస్తుంది అన్నీ అక్కడ ఉంటాయి. కావలసిన జవాబు మాత్రం ఉండదు. ఎందుకంటే ఆ ఎర్రర్ ఇచ్చింది కంపైలర్ కాదు, లింకర్, అంటే కంపైలైన ముక్కలనూ లైబ్రరీలనూ కలిపి ప్రోగ్రామ్ తయారుచేసే సాధనం. మ్యాథ్ లైబ్రరీని ‘-ఎల్ఎమ్’ అని కలపాలన్న సంగతి మ్యాన్ పేజీలో, అంటే టెర్మినల్‌లోనే తెరుచుకునే లినక్స్ సహాయ పత్రంలో ఉంది. దాన్ని సోర్సు ఫైలు పేరు తర్వాతే ఎందుకు రాయాలో జీసీసీ (గ్నూ వాళ్ల కంపైలర్) మాన్యువల్‌లో లింకు ఆప్షన్ల దగ్గర ఉంది. ఇదే ప్రోగ్రాములో వేరియబుల్‌కి బదులు నేరుగా 2.0 అని ఇస్తే కంపైలరే విలువ లెక్కగట్టి పెట్టేస్తుంది, లింకర్‌కి ఎస్‌క్యూఆర్‌టీతో పనే పడదు. పక్కవాళ్ల ప్రోగ్రామ్ ‘-ఎల్ఎమ్’ లేకుండానే నడిచిందంటే కారణం ఇదే కావచ్చు.

కాబట్టి ‘అన్నిటికన్నా మంచి రిఫరెన్సు ఏది’ అని అడిగితే జవాబు రాదు. ఈ సందేహంలో ఆఖరి మాట ఎవరిది అని అడగాలి. భాషదా, ఈ కంపైలర్‌దా, లైబ్రరీదా, లింకర్‌దా, ఆపరేటింగ్ సిస్టమ్‌దా? అది తేలితే ఏ పత్రం తెరవాలో సగం తేలినట్టే.

(కమాండ్లూ ఫ్లాగులూ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.)

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది పైన చెప్పిందే, అధికారం. రెండోది వెర్షను, దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. జీసీసీకి ఏ స్టాండర్డో చెప్పకుండా సీ ఫైలు ఇస్తే, 5వ వెర్షనుకు ముందు అది 1990 నాటి సీ అనుకునేది. 5 నుంచి సీ11, 8 నుంచి సీ17, 2025లో వచ్చిన 15 నుంచి సీ23 అనుకుంటుంది, వీటన్నిటికీ గ్నూ చేర్పులు (జీసీసీ సొంతంగా కలిపిన సౌకర్యాలు) అదనం. అంటే ఒకే ఫైలు, ఒకే కమాండు, మెషీను మారితే వేరే భాష. మీరు చదువుతున్న పేజీ ఏ సంవత్సరపు భాష గురించి చెబుతోందో తెలియకపోతే అందులో ఉన్నది నిజమే అయినా మీకు పనికిరాదు.

మూడోది మీ అవసరం. ఆర్గ్యుమెంట్ల వరస మరిచిపోయి చూసుకోవడం వేరు, ప్రోగ్రామ్ ఎందుకిలా ప్రవర్తిస్తోందో అర్థం చేసుకోవడం వేరు. మొదటిదానికి పది సెకన్లలో దొరికే పేజీ కావాలి, రెండోదానికి గంటసేపు కూర్చుని చదవగలిగేది కావాలి. నాలుగోది నెట్టు. క్లయింటు నెట్‌వర్కులో బయటి సైట్లు తెరుచుకోనివాళ్లకీ, హాస్టల్ వైఫైతో నెట్టుకొచ్చేవాళ్లకీ అసలు ప్రశ్న ఇదే.

| రిఫరెన్సు | ఆఖరి మాట దేనిమీద | వెర్షను తెలుస్తుందా | నెట్ లేకుండా | ఎక్కడ పనికిరాదు |
|---|---|---|---|---|
| సీపీపీరిఫరెన్స్ | దేనిమీదా కాదు, కానీ స్టాండర్డుకు బాగా దగ్గర | ప్రతి వరసకూ గుర్తు ఉంటుంది | డౌన్‌లోడ్ ఉంది | సిస్టమ్ కాల్స్, ఫ్లాగులు |
| ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) స్టాండర్డు, డ్రాఫ్టులు | భాష | ఒక్కో ఎడిషనుకు ఒక్కో పత్రం | పీడీఎఫ్ | నేర్చుకోవడానికి |
| జీసీసీ, క్లాంగ్ (మరో కంపైలర్) మాన్యువళ్లు | ఆ కంపైలర్ | వెర్షనుకో మాన్యువల్ | ఉంది | లైబ్రరీ ఫంక్షన్లు |
| మ్యాన్ పేజీలు | లినక్స్, సీ లైబ్రరీ | మీ సిస్టమ్‌లో ఉన్నవే | మొదటి నుంచీ అంతే | సీ++ |
| కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ | దేనిమీదా కాదు, సాక్ష్యం మాత్రమే | మీరే ఎంచుకుంటారు | మామూలుగా లేదు | గ్యారంటీల కోసం |
| ప్రశ్నోత్తరాల సైట్లు, ఏఐ | దేనిమీదా కాదు | తేదీ చూసి ఊహించాలి | లేదు | రుజువుగా |

సీపీపీరిఫరెన్స్

సీ++ రాసేవాళ్లు ఒక్కటే ట్యాబ్ తెరిచి ఉంచుకోవాలంటే ఇదే ఉంచుకోమంటాను. పేరు సీ++దే అయినా సీకి విడిగా భాగం ఉంది. దీని బలం వివరణలో కంటే గుర్తుల్లో ఉంది. ఏ ఫంక్షన్ ఏ స్టాండర్డులో వచ్చింది, ఎందులో తీసేశారు అన్నది వరస పక్కనే ఉంటుంది. స్ట్రింగ్ క్లాసులో ‘స్టార్ట్స్ విత్’ సీ++20లో వచ్చింది, ‘కంటెయిన్స్’ సీ++23లో వచ్చింది. ఆఫీసులో సీ++17 దగ్గరే ఆగిపోయినవాళ్లకు ఈ రెండూ లేవని పేజీ తెరవగానే తెలిసిపోతుంది. కంపైలర్ సపోర్ట్ అనే పేజీలో ఏ కొత్త సౌకర్యం ఏ కంపైలర్ ఏ వెర్షనులో వచ్చిందో పట్టిక ఉంది. టూల్‌చెయిన్ (కంపైలర్, లింకర్ వగైరా) మార్చాలని మేనేజరును ఒప్పించవలసి వచ్చినప్పుడు ఆ పట్టిక భలే అక్కరకొస్తుంది.

కంటెయినర్ల పేజీలో ఇటరేటర్లు (లోపలి విలువలను చూపించేవి) ఎప్పుడు చెల్లకుండా పోతాయో చెప్పే పట్టిక మరొకటి ఉంది. వెక్టర్‌లో పుష్‌బ్యాక్ చేశాక పాత ఇటరేటర్ వాడి క్రాష్ తెచ్చుకున్నవాళ్లు దాన్ని ఒక్కసారి చూస్తే చాలు.

లోపం ఏమిటంటే, ఇది నేర్పదు. టెంప్లేట్లు కొత్తగా చదువుతున్న విద్యార్థి ఆ పేజీ తెరిస్తే సింటాక్స్ వరసలు చూసి బెదిరిపోతాడు. అలాంటివాళ్లు పేజీ పైనుంచి చదవడం మానేసి నేరుగా అడుగున ఉన్న ఉదాహరణ చూసి, దాన్ని నడిపి, తర్వాత పైకి రావడం మేలు. ఇంకొకటి, ఇది వికీ. 2025లో సాఫ్ట్‌వేర్ మార్పిడి కోసమని సవరణలు ఆపారు. స్థిరపడిన సంగతులకు దానితో నష్టమేమీ లేదు, సరికొత్త సీ++26 విషయాలకు మాత్రం డ్రాఫ్టుతో సరిచూసుకోండి. వెతికితే దీని పక్కనే కనిపించే సీప్లస్‌ప్లస్ డాట్ కామ్ చదవడానికి తేలిగ్గానే ఉంటుంది, కానీ దాని ట్యాబ్‌లు ఎక్కువగా సీ++98, సీ++11 దగ్గరే ఆగాయి.

స్టాండర్డు: చదవడానికి కాదు, తేల్చుకోవడానికి

ఐఎస్ఓ అచ్చువేసిన ప్రతికి డబ్బు కట్టాలి. చాలామంది కట్టరు, కట్టనవసరమూ లేదు. ప్రచురణకు ముందూ వెనకా వచ్చే డ్రాఫ్టులు ఉచితంగా దొరుకుతాయి, తేడాలు స్వల్పం. సీ99కి ఎన్1256, సీ11కి ఎన్1570, సీ23కి ఎన్3220, సీ++17కి ఎన్4659, సీ++20కి ఎన్4861, సీ++23కి ఎన్4950. ఈ అంకెలు రాసిపెట్టుకుంటే చాలు, సెర్చిలో మొదటి వరసలోనే వస్తాయి.

ఇది ఎవరికి కావాలి? మన క్యాంపస్ ఇంటర్వ్యూల పుణ్యమా అని చాలామందికే కావాలి. ‘ఐ ప్లస్‌ప్లస్, ప్లస్, ప్లస్‌ప్లస్ ఐ విలువ ఎంత’ అన్న ప్రశ్న తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల్లో తరతరాలుగా తిరుగుతోంది. నాలుగు ఆప్షన్లిస్తారు, ఒకదానికి టిక్కు పెట్టమంటారు. సీ స్టాండర్డు ప్రకారం ఒకే వేరియబుల్‌ను మధ్యలో ఏ క్రమమూ లేకుండా రెండుసార్లు మారిస్తే ప్రవర్తనకు నిర్వచనమే లేదు. అంటే నాలుగు ఆప్షన్లూ తప్పే. ఎవరి కంపైలర్‌లో ఎంత వచ్చిందని వాదించుకోవడం వృథా. సీ++17లో చిన్న మార్పు జరిగింది. అసైన్‌మెంటులో కుడివైపు పని ముందు పూర్తవుతుందని చెప్పడంతో ‘ఐ = ఐ++’ అన్నదానికి సీ++లో అర్థం ఏర్పడింది. సీలో మాత్రం అది ఇప్పటికీ నిర్వచనం లేనిదే. పై కూడిక సంగతి రెండు భాషల్లోనూ మారలేదు. ఇంత సన్నటి తేడాను నమ్మకంగా తేల్చగలిగేది స్టాండర్డు ఒక్కటే.

సీ స్టాండర్డు చివర జె అనే అనుబంధం ఉంది. మొత్తం చదివే ఓపిక లేనివాళ్లు అదొక్కటీ చదవండి. నిర్వచనం లేని ప్రవర్తనల జాబితా అంతా ఒకచోట ఉంది. ఆ వెనకే కంపైలర్ ఇష్టానికి వదిలిన సంగతుల జాబితా ఉంది. ఈ రెండోదే మనల్ని తర్వాతి రిఫరెన్సు దగ్గరికి పంపుతుంది.

కంపైలర్ మాన్యువల్

దీన్ని చదివేవాళ్లు తక్కువ, చదవవలసినవాళ్లు ఎక్కువ. నెగెటివ్ సంఖ్యను కుడివైపు షిఫ్ట్ చేస్తే ఏమవుతుందో సీ స్టాండర్డు చెప్పదు, కంపైలర్‌ను చెప్పుకోమంటుంది. జీసీసీ మాన్యువల్‌లో అచ్చంగా ఇలాంటివాటికే ఒక అధ్యాయం ఉంది. ప్లస్, మైనస్ గుర్తు తెలిపే బిట్టు అలాగే ఉండేలా షిఫ్ట్ చేస్తామని అక్కడ రాసిచ్చారు. స్టాండర్డు అనుబంధంలో ప్రశ్న, మాన్యువల్ అధ్యాయంలో జవాబు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ‘పోర్టబుల్ కోడ్’ అంటే ఏమిటో అర్థమవుతుంది.

ఇంట్ విలువ దాని పరిధి దాటిపోయినప్పుడు ఏమవుతుందన్నదీ ఇలాంటిదే. నిర్వచనం లేదని స్టాండర్డు చేతులు దులిపేసుకుంది. ‘-ఎఫ్‌వ్రాప్‌వీ’ ఇస్తే చుట్టు తిరిగి వచ్చేలా చేస్తానని జీసీసీ మాటిస్తుంది. లినక్స్ కెర్నల్ కూడా స్టాండర్డు సీని ఉన్నదున్నట్టు తీసుకోదు, ‘-ఎఫ్ నో స్ట్రిక్ట్ ఎలియాసింగ్’ (వేర్వేరు టైపుల పాయింటర్లు ఒకే మెమరీని చూపవన్న ఊహను ఆపేది) వంటి ఫ్లాగులతో తనకు కావలసిన సీని కోరి కంపైల్ చేయించుకుంటుంది. ఆ కోడు అర్థం కావాలంటే స్టాండర్డు ఒక్కటే చాలదు.

మాన్యువల్‌లోకి దారి ఎర్రర్ మెసేజిలోనే ఉంటుంది. వార్నింగు వరస చివర బ్రాకెట్లో ఫ్లాగు పేరు వస్తుంది, పై ఐ++ కేసులో ‘-డబ్ల్యూ సీక్వెన్స్ పాయింట్’ అని. మెసేజి మొత్తం కాపీ చేసి సెర్చిలో వేయకుండా ఆ ఫ్లాగు పేరును మాన్యువల్‌లో వెతకండి. ఎందుకు హెచ్చరిస్తోంది, ఎప్పుడు పొరపాటున హెచ్చరిస్తుంది, ‘-డబ్ల్యూఆల్’లో భాగమా కాదా అన్నీ ఒకే పేరాలో ఉంటాయి. ఆల్ అన్నారని అన్ని వార్నింగులూ వస్తాయనుకోకండి, ‘-డబ్ల్యూఎక్స్‌ట్రా’ విడిగా ఇవ్వాలి. నిజంగా అన్నీ కావాలంటే క్లాంగ్‌లో ‘-డబ్ల్యూఎవ్రీథింగ్’ ఉంది. ఒకసారి సరదాకి వాడి చూడండి, రోజూ వాడేది కాదది.

వెర్షను దగ్గర జాగ్రత్త. సెర్చి చేస్తే ఎప్పటిదో 4వ వెర్షను మాన్యువల్ వచ్చి కూర్చుంటుంది, లేదంటే ఇంకా విడుదల కాని తాజా ప్రతి. జీసీసీ సైటులో ప్రతి విడుదలకూ విడి మాన్యువల్ ఉంచారు, మీ వెర్షను కనుక్కుని అదే తెరవండి. అంతకన్నా నమ్మకమైనది కంపైలర్‌నే అడగడం: ‘జీసీసీ -క్యూ -ఓ2 --హెల్ప్=ఆప్టిమైజర్స్’ అంటే మీ మెషీనులో ఉన్న వెర్షనులో ఏ ఆప్టిమైజేషన్లు ఆన్‌లో ఉన్నాయో చెప్పేస్తుంది. ఉదాహరణకు జీసీసీ 12 నుంచి ‘-ఓ2’లో కొంత వెక్టరైజేషన్ (ఒకేసారి అనేక విలువల మీద లెక్క చేయడం) కూడా జరుగుతుంది. అంతకు ముందు దానికి ‘-ఓ3’ ఇవ్వాల్సి వచ్చేది.

పాత కోడు కొత్త కంపైలర్‌కు మార్చేవాళ్లు మాన్యువల్ కంటే ముందు ‘పోర్టింగ్ టు’ పేజీలు చదవాలి. 2024లో వచ్చిన జీసీసీ 14, ఫంక్షన్‌ను ముందుగా ప్రకటించకుండా పిలిస్తే వార్నింగుతో వదలకుండా ఎర్రర్ చేసింది. 15లో డిఫాల్టు సీ23 కావడంతో ఖాళీ బ్రాకెట్ల అర్థమే మారింది, ఇప్పుడు ఆర్గ్యుమెంట్లు ఏవీ లేవని అర్థం. పదిహేనేళ్ల నాటి కోడు నిన్నటిదాకా నడిచి ఇవాళ వందల ఎర్రర్లు ఇస్తే కారణం ఆ పేజీల్లో దొరికే అవకాశమే ఎక్కువ.

జీసీసీ మాన్యువల్‌కి ఇండెక్స్ బాగుంటుంది, ఉదాహరణలు తక్కువ. క్లాంగ్ డాక్యుమెంట్లలో అడ్రస్ శానిటైజర్, అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా తప్పులు పట్టే సాధనాలు) పేజీలు చక్కగా ఉంటాయి. వార్నింగుల జాబితా మాత్రం చాలాచోట్ల మెసేజి పాఠం తప్ప వివరణ లేకుండా ఉంటుంది. నేను జీసీసీ మాన్యువల్ వైపే మొగ్గుతాను. అయితే ఎర్రర్ల వివరణలో మాత్రం రెండిటికన్నా పక్కవాళ్లు ముందున్నారు. విజువల్ సీ++లో సీ2065, ఎల్ఎన్‌కే2019 వంటి నంబరుతో వెతికితే మైక్రోసాఫ్ట్ పేజీలో కారణాలూ ఉదాహరణలూ ఉంటాయి. రస్ట్ భాషలో ‘రస్ట్‌సీ --ఎక్స్‌ప్లెయిన్ ఈ0382’ అని కొడితే వివరణ టెర్మినల్‌లోకే వస్తుంది, నెట్ కూడా అక్కర్లేదు.

మ్యాన్ పేజీలు

రీడ్, ఫోర్క్, ఎమ్‌మ్యాప్, సాకెట్. వీటికి సీపీపీరిఫరెన్స్‌లో పేజీలు ఉండవు, ఎందుకంటే ఇవి సీ భాషవి కావు. ఇక్కడ మ్యాన్ పేజీలే దిక్కు. సెక్షను నంబరు తెలుసుకోండి: 1 కమాండ్లు, 2 సిస్టమ్ కాల్స్, 3 లైబ్రరీ ఫంక్షన్లు, 7 విషయ పరిచయాలు. ‘మ్యాన్ ప్రింట్‌ఎఫ్’ అంటే షెల్ కమాండు వస్తుంది, మీకు కావలసింది ‘మ్యాన్ 3 ప్రింట్‌ఎఫ్’. ఉబుంటులో 2, 3 సెక్షన్ల కోసం ‘మ్యాన్‌పేజెస్ డెవ్’ ప్యాకేజీ వేసుకోవాలి.

పేజీ పైనుంచి కిందికి చదవనక్కర్లేదు. రిటర్న్ వాల్యూ, ఎర్రర్స్, బగ్స్ ఈ మూడూ చదివితే చాలావరకు పని అయిపోతుంది. గెట్స్ ఫంక్షన్ పేజీలో దీన్ని ఎప్పుడూ వాడొద్దని మొహమాటం లేకుండా రాశారు. సీ11 దాన్ని భాషలోంచే తీసేసింది. దాన్నింకా సిలబస్‌లో ఉంచిన కాలేజీలవాళ్లు ఆ పేజీ ఒకసారి చూస్తే బాగుండు.

కంపైలర్ ఎక్స్‌ప్లోరర్

మాట్ గాడ్‌బోల్ట్ 2012లో మొదలుపెట్టిన సైటు. ఎడమవైపు కోడు, కుడివైపు అసెంబ్లీ, మధ్యలో ఏ కంపైలర్ ఏ వెర్షను కావాలంటే అది. ‘జీసీసీ 9లో వస్తుంది, 13లో రాదు’ వంటి ఫిర్యాదు వస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. రెండు షరతులు. ఇక్కడ కనిపించేది ఈ కంపైలర్ ఈసారి ఏం చేసిందన్నది మాత్రమే, ఎప్పుడూ అలాగే చేస్తానని అది మాటివ్వలేదు. రెండు, కంపెనీ కోడు ఇక్కడ పేస్ట్ చేయకండి. షేర్ లింకు తీసుకుంటే ఆ కోడు సర్వర్లో దాచి ఉంటుంది.

ప్రశ్నోత్తరాలు, ఏఐ

2008 నుంచి ఉన్న స్టాక్ ఓవర్‌ఫ్లోలో సీ++ జవాబులు చాలా గొప్పవి ఉన్నాయి. చిక్కల్లా ఎక్కువ ఓట్లు పడ్డ జవాబు 2010 నాటిది కావడం. అప్పటికి సీ++11 కూడా రాలేదు. ఓట్లు కాకుండా తేదీ చూడండి, కింద కామెంట్లు చదవండి. స్టాండర్డులోంచి పేరా ఎత్తి రాసిన జవాబుకు విలువ ఎక్కువ, ఎందుకంటే దాన్ని మీరు డ్రాఫ్టులో సరిచూసుకోగలరు.

ఏఐ చాట్ సాధనాలు ఒక పని బాగా చేస్తాయి: మీకు పేరు తెలియని విషయానికి పేరు చెప్పడం. ‘ఒకే మెమరీని రెండు టైపుల పాయింటర్లతో చదివితే తేడా వస్తోంది’ అని తెలుగులో అడిగినా స్ట్రిక్ట్ ఎలియాసింగ్ అన్న పేరు అందిస్తాయి. ఆ పేరు పట్టుకుని మాన్యువల్‌కి వెళ్లండి. ఫ్లాగుల విషయంలో మాత్రం ఉన్నట్టే కల్పించి చెప్పే అలవాటు వాటికుంది. లేని ‘-ఎఫ్’ ఫ్లాగు ఇస్తే జీసీసీ వెంటనే తిరగ్గొడుతుంది కాబట్టి దొరికిపోతుంది. కానీ ‘-డబ్ల్యూ నో’తో మొదలయ్యే లేని ఫ్లాగును, వేరే మెసేజి ఏదీ రాకపోతే, జీసీసీ మౌనంగా మింగేస్తుంది. మేక్‌ఫైల్లో ఏళ్ల తరబడి ఏ పనీ చేయని ఫ్లాగు అలాగే ఉండిపోవచ్చు.

ఎవరికి ఏది

మొదటి, రెండో సంవత్సరం విద్యార్థికి: సీపీపీరిఫరెన్స్ ఉదాహరణలు, మ్యాన్ 3, ‘-డబ్ల్యూఆల్ -డబ్ల్యూఎక్స్‌ట్రా’. స్టాండర్డు ఇప్పుడొద్దు. ల్యాబులో ఇంకా డాస్‌బాక్స్ మీద టర్బో సీ++ నడుస్తుంటే, అందులో మాటమీద కర్సర్ పెట్టి కంట్రోల్ ఎఫ్1 నొక్కితే వచ్చే హెల్ప్ నిజానికి చాలా బాగుంటుంది. కానీ అది 1990ల తొలినాళ్ల భాష. ఇంట్ రెండు బైట్లు అని చెప్పేదీ, కోనియో హెడర్‌లో క్లియర్‌స్క్రీన్ ఇచ్చేదీ ఆ ప్రపంచమే. పరీక్షకు అది చదవండి, ఉద్యోగానికి కాదు.

ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లకు: సీ11 డ్రాఫ్టులో అనుబంధం జె, దానితోపాటు కంపైలర్ ఎక్స్‌ప్లోరర్. అడిగినవాళ్లు తప్పు ప్రశ్న అడిగినా, ‘దీనికి నిర్వచనం లేదండీ, ఎందుకంటే’ అని మర్యాదగా చెప్పగలిగితే మార్కు పోదు. పోయినా ఆ కంపెనీ గురించి మీకో సంగతి తెలుస్తుంది.

నెట్ లేని క్లయింటు సైటులో పనిచేసేవాళ్లు ముందే సిద్ధం కావాలి. సీపీపీరిఫరెన్స్ డెబియన్, ఉబుంటులలో ప్యాకేజీగా దొరుకుతుంది. జీల్ అనే ఉచిత ప్రోగ్రాములో దాని డాక్‌సెట్ (నెట్ లేకుండా చదివే ప్రతి) దించుకున్నా సరే. జీసీసీ మాన్యువల్ డెబియన్‌లో మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే రాదు. దాని లైసెన్సులో మార్చకూడని భాగాలున్నాయని డెబియన్‌వాళ్లు దాన్ని నాన్‌ఫ్రీ విభాగంలో పెట్టారు, ఆ విభాగాన్ని ఆన్ చేసుకోవాలి. అది కుదరకపోతే మీ వెర్షను పీడీఎఫ్ ఒకటి అనుమతితో లోపలికి తీసుకెళ్లండి.

ఎంబెడెడ్ వాళ్ల దారి వేరు. చిప్ కంపెనీ ఇచ్చిన పాత జీసీసీ మీద పనిచేస్తుంటారు కాబట్టి తాజా పేజీలు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. మొదట టూల్‌చెయిన్ వెర్షను చూసి ఆ విడుదల మాన్యువల్ దించుకోండి, తర్వాత ఆ ప్రాసెసర్ ఏబీఐ (కంపైలైన కోడు పాటించవలసిన నియమాలు) పత్రం. ల్యాప్‌టాప్‌లో పరీక్షించిన కోడు బోర్డు మీద పోల్చడం దగ్గర తప్పుతుంటే చార్ టైపు చూడండి. ఎక్స్86 లినక్స్‌లో దానికి ప్లస్, మైనస్ గుర్తు ఉంటుంది, ఆర్మ్ లినక్స్‌లో ఉండదు. సున్నా కన్నా తక్కువా అని చార్‌ను అడిగే షరతు బోర్డు మీద ఎప్పటికీ నిజం కాదు. స్టాండర్డు దీన్ని కంపైలర్‌కి వదిలింది, జీసీసీ మాన్యువల్ ఏబీఐకి వదిలింది, జవాబు ఏబీఐలో ఉంది.